కొండమీద ఎగిరిన పంచె

నేను ఒక పంచెను. పొందూరు ఖద్దరు పంచెను. రెండు దేశాల మధ్య మాటలు ఆగిపోవడానికి కారణమైన వస్తువులు లోకంలో చాలా ఉన్నాయి. వాటన్నిటిలో నాకంటే మెత్తనిది మరొకటి ఉండదనుకుంటాను.

నా పుట్టుకలో ఒక చేప ఉంది. పొందూరులో పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుతారు. సన్నని పళ్లున్న ఆ ఎముక దూదిలోని నలుసులన్నీ లాగేస్తుంది. నన్ను దువ్వి వడికిన వరాలమ్మ పని చేస్తున్నంతసేపూ కోడలిని తిట్టేది. కోడలు పుట్టింటికి వెళ్లిన వారం మాత్రం తిట్టడానికి ఎవరూ లేక దారం సరిగ్గా రాలేదు. నాది ఎర్రపత్తి. పేరుకు ఎర్రపత్తే గానీ బట్ట ఎర్రగా ఉండదు. పూర్తిగా తెల్లగానూ ఉండదు. కాచిన పాల మీద మీగడ కట్టినప్పటి రంగు. అంచు మాత్రం సన్నని ఎరుపు. ఈ రంగు సంగతి కొంచెం శ్రద్ధగా వినండి. దీని గురించి రెండు రాజధానుల్లో పెద్దవాళ్లు భోజనాలు మానుకుని వాదించుకున్నారు.

నన్ను కొన్నది తవిటమ్మ. ఆమదాలవలస దగ్గర పల్లె ఆమెది. ఆమె భర్త అసిరినాయుడు సైన్యంలో లాన్స్ నాయక్. సెలవు మీద ఇంటికి వచ్చినా ప్యాంటు విడిచేవాడు కాడు.

"ప్యాంటేసుకుంటే నువ్వొచ్చినట్టు నాకనిపించదు. రేప్పొద్దున్నే ఎలిపోతావనిపిస్తాది. ఇది కట్టు," అని నన్ను అతని ఒళ్లో పడేసింది.

అసిరినాయుడికి తుపాకి విప్పి మళ్లీ బిగించడం కళ్లు మూసుకుని వచ్చు. పంచె కట్టడం కళ్లు తెరిచినా రాలేదు. మొదటి రోజు పైన సైన్యం బెల్టు బిగించి వీధిలోకి వెళ్లాడు. రచ్చబండ మీద కూర్చున్నవాళ్లు లేచి సెల్యూట్ చేశారు. రెండో రోజుకు బెల్టు మానేశాడు, మూడో రోజుకు నన్ను విడవడం మానేశాడు. సెలవు అయిపోయినప్పుడు ట్రంకు అడుగున నన్ను పెట్టుకుని బయలుదేరాడు.

రైలు, మరో రైలు, లారీ, చివర కాలినడక. చేరింది సరిహద్దు కొండమీది ఒక కాపలా చౌకీకి. సరిహద్దు అంటే ఏదో గీత ఉంటుందనుకున్నాను. ఏమీ లేదు. మధ్యలో లోయ, ఇటు కొండ మీద మనవాళ్లు, అటు కొండ మీద వాళ్లు. లోయలో ఒక ఊట ఉంది. రెండు చౌకీలకూ మంచినీళ్లు అక్కడివే. ఈ దేశాల మధ్య ఎన్నో ఒప్పందాలు జరిగాయి, ఎన్నో చెడిపోయాయి. ఊట గురించి మాత్రం ఎవరూ ఏ కాగితం మీదా సంతకం చేయలేదు. అందుకే కాబోలు, అది ఒక్కటీ సరిగ్గా నడిచేది. పొద్దున మనవాళ్ల వంతు, సాయంత్రం వాళ్ల వంతు.

ఆదివారం పూట అసిరినాయుడు నన్ను కట్టుకుని బంకరు వెనక బండ మీద కూర్చునేవాడు. ఎవరైనా పిలిస్తే, "నాను సెలవులో ఉన్నాను," అనేవాడు. అందుకు అందరికంటే ఎక్కువగా నవ్వేది కూర్మారావు. అతనిది నరసన్నపేట వైపు. ఆ కొండ మీద తెలుగు మాట్లాడేవాళ్లు వీళ్లిద్దరే కాబట్టి, ఎంత తిట్టుకున్నా మళ్లీ ఒకరితో ఒకరే మాట్లాడుకోవాలి.

వానాకాలం వచ్చింది. కొండనీళ్లకు నా ఒళ్లు పచ్చబారింది. అసిరినాయుడు నన్ను ఉతికి, నీలిమందు పెట్టబోయాడు. సీసా మూత ఊడిపోయింది. సీసా సీసా అంతా నా మీద పడింది.

"ఏట్రా అసిరీ, పంచె ఉతికినావా, ఆకాశంలో ముంచినావా?" అన్నాడు కూర్మారావు.

"నవ్వకురా. మూత ఊడిపోనాది."

"మంచిదేలే. ఇది కట్టుకుని బండ మీద కూకుంటే, అవతలోడు ఆకాశమనుకుని నీకేసి తుపాకెట్టడు."

నన్ను ఆరబెట్టి, మడతపెట్టి, ట్రంకులో పెట్టాడు. మరోసారి ఉతికితే సరిపోతుందనుకున్నాడు.

ఆ మరోసారి రాకముందే ఫిరంగులు మొదలయ్యాయి. ఎవరు మొదలుపెట్టారో నాకు తెలియదు. వాళ్లే అని మనవాళ్లన్నారు. మనవాళ్లే అని వాళ్లన్నారు. నేను ట్రంకులో ఉన్నాను కాబట్టి నా సాక్ష్యం చెల్లదు. ఆ పొద్దున ఊట దగ్గర ఇద్దరు మనుషులున్నారు. ముందురోజు వానకు దారి జారుడుగా ఉండి, అవతలి చౌకీకి కంచరగాడిద మీద నీళ్లు మోసే మనిషి సాయంత్రం రాలేకపోయాడు. మన వంతులో వచ్చాడు. మన వంతు నీళ్లకు వెళ్లిన అసిరినాయుడు అతని డబ్బాను గాడిద మీదికి ఎత్తడానికి ఒక చేయి వేశాడట. ఇటు చౌకీలో బైనాక్యులర్ పట్టుకున్న సెంట్రీ అది చూశాడు. ఒక గుండు అక్కడ పడింది. అది ఏ దేశానిదో ఇప్పటికీ తేలలేదు.

అసిరినాయుడు లేవలేదు. ఆ రెండో మనిషీ లేవలేదు. గాడిద మాత్రం కొంచెం దూరం పరిగెత్తి, ఆగి, వెనక్కి వచ్చి వాళ్ల పక్కన నిలబడింది.

కొండల మీద ఇలాంటప్పుడు ఒక పద్ధతి ఉంది. తెల్లజెండా ఎత్తితే అవతలివాళ్లు కాల్పులు ఆపుతారు, ఇవతలివాళ్లు వెళ్లి తమ మనిషిని తెచ్చుకుంటారు. కాల్పులు సన్నగిల్లగానే చౌకీ అధికారి మేజర్ ఖజాన్ సింగ్, "తెల్లబట్ట తెండి," అన్నాడు. అప్పుడు తెలిసింది, అంత పెద్ద సైన్యంలో తెల్లబట్ట లేదని. దుప్పట్లు ఆకుపచ్చ. బనియన్లు ఆకుపచ్చ. తువ్వాళ్లు, ఆఖరికి జేబురుమాళ్లు కూడా ఆకుపచ్చ. కట్టుకట్టే గుడ్డ తెల్లనిదే గానీ వేలెడు వెడల్పు. వంటవాడు పిండి బస్తా తెచ్చాడు. దాని మీద కిరీటం పెట్టుకున్న ఎద్దు బొమ్మ, కింద 'శ్రేష్ఠమైన గోధుమ' అనే అక్షరాలూ ఉన్నాయి. అది పట్టుకుని శత్రువు ముందుకు వెళితే బాగుండదని మేజర్ అన్నాడు.

కూర్మారావు అసిరినాయుడి ట్రంకు తెరిచాడు. నన్ను గుడారం కర్రకు కట్టి, బంకరు మీద నిలబడ్డాడు. గాలి బాగా వీస్తోంది. నేను ఎగిరాను. నా బతుకులో అదే మొదటిసారి, ఎవరి నడుమూ లేకుండా నిలబడటం.

అవతలి సెంట్రీ నన్ను బైనాక్యులర్లో చూసి, "నీలంలాంటి గుడ్డ" అని పైవాడికి చెప్పాడు. పైవాడు తన పైవాడికి "నీలం జెండా" అన్నాడు. ఆ పైవాడికి ఒక విషయం జ్ఞాపకం వచ్చింది. ప్రపంచ దేశాలన్నీ కలిసి పెట్టుకున్న సంస్థ జెండా కూడా లేత నీలమే. ఆ మాట వాళ్ల రాజధాని చేరేసరికి, మా కొండ మీదికి ప్రపంచమంతా దిగినట్టయింది. ఆ సాయంత్రమే వాళ్ల ప్రతినిధి ప్రకటించాడు: "పొరుగుదేశం ఇన్నాళ్లకు మూడోపక్షం మధ్యవర్తిత్వాన్ని అంగీకరించింది. ఇది మా విజయం."

ఇటు మన రాజధానిలో, మూడోపక్షం వద్దు అని చెప్పడమే వృత్తిగా తలనెరిసిన అధికారులున్నారు. వాళ్లు అదిరిపడ్డారు. అవతలి రాయబారిని పిలిపించారు. పిలిపించి నిరసన తెలిపేటప్పుడు టీ ఇస్తారు గానీ బిస్కెట్లు పెట్టరట. నిరసన తీవ్రమైతే టీలో చక్కెర కూడా ఉండదట. ఆ రోజు రాయబారి ముందు వేడినీళ్లు పెట్టారని టీవీలో చెప్పారు. మరునాడు మన రాయబారిని వాళ్లు పిలిపించి, నిలబెట్టే మాట్లాడారు.

తర్వాత మన ప్రకటన వచ్చింది: "అది జెండా కాదు. పంచె."

దానికి వాళ్ల జవాబు: "మా కర్నల్‌కు పంచె చూపిస్తారా? ఇది మా సైన్యానికి అవమానం."

దానితో టీవీల్లో మన దక్షిణాది నాయకుడొకాయన లేచాడు. పంచె చూపించడం అవమానమెలా అవుతుందో చెప్పాలని నిలదీశాడు. తాను పంచెతోనే ఆరుసార్లు గెలిచానన్నాడు. ఒక రిటైర్డ్ జనరల్ ఎర్ర అంచు వెనక ఏదో సంకేతం ఉందన్నాడు. నా అంచు వెనక వరాలమ్మ కోడలు తప్ప ఎవరూ లేరు.

అసలు చిక్కు ఇంకొకటి వచ్చిపడింది. నీలం కాదని నిరూపించాలంటే తెల్లనిది అని చెప్పాలి. తెల్లనిది అంటే, లొంగిపోయారని అవతలి పత్రికలు రాస్తాయి. నేను నీలమైతే మూడోవాణ్ణి పిలిచినట్టు, తెలుపైతే ఓడిపోయినట్టు. రాజధాని నుంచి మేజర్‌కు ఫోన్ వచ్చింది.

"ఆ వస్త్రం రంగు ఏమిటి?"

"ఉతకకముందా, ఉతికాకా సార్?"

"మేజర్, ఇది హాస్యానికి సమయం కాదు."

"హాస్యం కాదు సార్. నిజంగానే అడుగుతున్నాను."

ఈ విషయం తేలేదాకా ఎవరూ లోయలోకి దిగకూడదని రెండు వైపులా ఆజ్ఞలొచ్చాయి. నన్ను కర్ర నుంచి విప్పి ప్లాస్టిక్ సంచిలో పెట్టి, తుపాకి ఉన్న మనిషిని కాపలా పెట్టారు. లోయలో అసిరినాయుడికి కాపలా ఉన్నది గాడిదే.

రోజులు గడుస్తున్నాయి. వాన ఆగడం లేదు. ప్రతిరోజూ తవిటమ్మ కూర్మారావుకు ఫోన్ చేసేది. భర్త పోయాడని పెద్ద అధికారులు ఆమెకు అప్పటికే చెప్పారు. ఆమె అడిగేది ఒక్కటే.

"అన్నియ్యా, ఎప్పుడు తెస్తారు?"

"రేపో మాపోనమ్మా. పెద్దోళ్లు మాటాడుకుంటన్నారు."

"ఏటి మాటాడుకుంటన్నారు?"

పంచె రంగు గురించి అని కూర్మారావు చెప్పలేకపోయాడు. "దారి గురించమ్మా," అన్నాడు.

"అక్కడ వాన పడతందా?"

"లేదమ్మా. పొడిగానే ఉంది."

"మరి నీ ఎనకాల ఆ సప్పుడేటి?"

కూర్మారావు రేకు మీద దబదబా పడుతున్న వానవైపు చూశాడు. "రేడియో అమ్మా," అన్నాడు.

ఆ రోజు అతను మేజర్ దగ్గరకు వెళ్లి నిలబడ్డాడు.

"సాబ్, రంగే కదా గొడవ. అందరి ముందూ ఉతికేస్తాను. ఉతికాక ఏ రంగొస్తే ఆ రంగు."

మేజర్ నవ్వబోయి ఆగాడు. ఆ మాటనే 'వస్త్రము యొక్క సంయుక్త సాంకేతిక పరిశీలన' అని మార్చి పైకి పంపాడు. ఉతుకుతామంటే ఎవరూ ఒప్పుకునేవారు కారు. పరిశీలన అనేసరికి రెండు రాజధానులూ ఒప్పుకున్నాయి. ఎవరూ ఓడిపోకుండా బయటపడే దారి కోసం అప్పటికి వాళ్లూ వెతుకుతున్నారు.

వాన కాస్త తెరిపిచ్చిన పొద్దున, లోయకు దిగే దారిలో ఒక బండ మీద సమావేశం. బల్ల మనది, కుర్చీలు వాళ్లవి. ఎవరి టీ వాళ్లు తెచ్చుకున్నారు. మధ్యలో ఒక ఎర్ర ప్లాస్టిక్ బకెట్. అవతలి కర్నల్ వయసు మీద పడ్డవాడు, దగ్గుతున్నాడు. నన్ను చూసి తల ఊపాడు.

"మేజర్ సాబ్, ఇది పంచేనని నేను మొదటిరోజే అనుకున్నాను."

"మరి చెప్పలేదేం?"

"నన్ను ఎవరూ అడగలేదు. మిమ్మల్ని అడిగారా?"

"అడిగారు. జవాబు వినలేదు."

కూర్మారావు చొక్కా చేతులు పైకి మడిచి నన్ను ఉతకడం మొదలుపెట్టాడు. రెండు సైన్యాల ఫొటోగ్రాఫర్లు బకెట్ చుట్టూ తిరుగుతున్నారు. సబ్బు పెట్టాడు, జాడించాడు, పిండాడు. నీళ్లు నీలమయ్యాయి గానీ నాలో నీలం ఇంకా మిగిలే ఉంది. కర్నల్ చూసి చూసి ఉండబట్టలేక కుర్చీలోంచి లేచాడు.

"అలా కాదు బేటా. నిమ్మకాయ పిండు. మా అమ్మ అలాగే చేసేది."

మన వంటవాడు నిమ్మకాయలు తెచ్చాడు. కర్నల్ దగ్గరుండి పిండించాడు. నన్ను బండ మీద పరిచారు. కాసేపు ఎండ కూడా కాసింది. నేను మళ్లీ నా రంగులోకి వచ్చాను.

ఇప్పుడు రాయాలి. మేజర్ కలం తీశాడు.

"తెలుపు అని రాస్తే నా ఉద్యోగం ఉండదు," అన్నాడు.

"నీలం కాదని రాస్తే నాది ఉండదు," అన్నాడు కర్నల్.

ఇద్దరూ నన్ను చూస్తూ కూర్చున్నారు. చివరికి ఒక్క వాక్యం రాసి ఇద్దరూ సంతకాలు పెట్టారు: 'వస్త్రము శుభ్రముగా ఉన్నదని ఇరుపక్షములు అంగీకరించినవి.' రెండు రాజధానుల్లోనూ ఆ వాక్యాన్ని మెచ్చుకున్నారట.

కూర్మారావు నన్ను మళ్లీ కర్రకు కట్టి ముందు నడిచాడు. ఇటు నలుగురు, అటు నలుగురు. ఊట దగ్గర గాడిద మమ్మల్ని చూసి అరిచింది. కూర్మారావు మోకాళ్ల మీద కూర్చుని, అసిరినాయుడి చొక్కా గుండీ విడిపోయి ఉంటే పెట్టాడు.

"ఇతను నూర్ జమాన్," అన్నాడు కర్నల్ రెండో మనిషిని చూపిస్తూ. "మా నీళ్లమనిషి."

వాళ్లు తెచ్చిన స్ట్రెచర్ మీద పచ్చని తార్పాలిన్ ఉంది. కర్నల్ దాన్ని చేతిలోకి తీసుకుని మళ్లీ కింద పెట్టాడు. వాళ్ల ఆచారం ప్రకారం మనిషి మీద కప్పడానికి కుట్టు లేని తెల్లబట్ట కావాలి. వాళ్ల సైన్యంలోనూ అన్నీ ఆకుపచ్చవే.

కూర్మారావు నన్ను కర్ర నుంచి విప్పాడు. అంచు దగ్గర పంటితో కొరికి, రెండు చేతులతో లాగాడు. నేను అడ్డంగా రెండుగా చిరిగాను. ఆ చప్పుడు లోయలో చాలా పెద్దగా వినిపించింది. ఒక ముక్క అసిరినాయుడి మీద కప్పాడు. రెండోది కర్నల్‌కు ఇచ్చాడు.

"తడిగా ఉంది సాబ్. ఏమీ అనుకోకండి," అన్నాడు.

కర్నల్ రెండు చేతులూ చాచి తీసుకున్నాడు.

అలా నాలో సగం అవతలి దేశంలో, మట్టిలో ఉంది. ఆ సగానికి పాస్‌పోర్టు, వీసా ఎవరూ అడగలేదు. మిగిలిన సగం అసిరినాయుడితో కొండ దిగింది. కింద జాతీయ జెండా వచ్చింది, నన్ను తీసి మడతపెట్టారు. కూర్మారావు నన్ను సంచిలో పెట్టుకుని శవంతోపాటు ఊరికి వచ్చాడు. తవిటమ్మ చేతికి ఇచ్చాడు. ఆమె నన్ను ముఖానికి ఆనించుకుని, "నిమ్మకాయ వాసనేటి?" అంది. అప్పుడు జరిగిందంతా చెప్పాడు. వాన సంగతి కూడా చెప్పాడు.

కొన్నాళ్లకు సైన్యం మ్యూజియం నుంచి ఇద్దరు అధికారులు వచ్చి నన్ను ఇమ్మని అడిగారు. అద్దాల పెట్టె, దీపాలు, రెండు భాషల్లో వివరం అని చెప్పారు. తవిటమ్మ వాళ్లకు మజ్జిగ ఇచ్చింది, నన్ను ఇవ్వలేదు. చేసేది లేక వాళ్లు నన్ను ఉతికిన బకెట్‌ను కొండ మీంచి తెప్పించి పెట్టుకున్నారు. దాని ముందు నిలబడి స్కూలు పిల్లలు ఫొటోలు తీయించుకుంటున్నారట. పిడి విరిగితే కొత్తది వేశారని కూడా విన్నాను.

సంవత్సరీకానికి కూర్మారావు వచ్చాడు. అన్నం పెట్టి, తవిటమ్మ అడిగింది:

"అన్నియ్యా, ఆ రెండో ముక్క కప్పినారే, ఆ మనిషికి పెళ్లం ఉందా?"

"తెలీదమ్మా."

"కనుక్కో."

"ఎలా కనుక్కుంతానమ్మా? ఆళ్లతో మాటాడితే నన్ను లోపలేస్తారు."

"పంచె రంగు కనుక్కోడానికి అంతమంది మాటాడినారు గదా. ఇది కనుక్కో."

కూర్మారావు కొండకు తిరిగి వెళ్లాడు. చాలా రోజులు ఏ కబురూ లేదు. ఒక మధ్యాహ్నం, పెట్టెలో బట్టలు ఎండకు వేస్తూ తవిటమ్మ నన్ను దులుపుతుండగా ఫోన్ మోగింది.

"ఉందమ్మా," అన్నాడు కూర్మారావు. "ఎవుల్నీ అడగనక్కర్లేకపోయింది. గాడిదని ఇప్పుడు ఆవిడే తోలుతంది. సాయంత్రం నీళ్లకొస్తాది."

తవిటమ్మ నన్ను భుజం మీద వేసుకుని అరుగు మీద కూర్చుంది.

"ఎలాగుంది మనిషి?"

"దూరం గదమ్మా. మొకం అవుపించదు. నడక అవుపిస్తాది."

"నడకెలాగుంది?"

"గాడిద ముందు నడుస్తాది. ఆవిడ దాని ఎనకాల నడుస్తాది."

"అయితే దారి దానికి తెలుసు," అంది తవిటమ్మ. "ఆవిడికింకా తెలీదు."

ఫోన్ పెట్టేసి, చాలాసేపు నన్ను మడతపెడుతూ కూర్చుంది.